సంజీవయ్య వర్ధంతి సభలో ఏం మాట్లాడాలి? గుడిసె కథ ఒక్కటే చాలదు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కల్లూరు మండలంలో ఒక పల్లె. మే 7న దామోదరం సంజీవయ్యగారి వర్ధంతి సభ పెడుతున్నాం. నన్ను పావుగంట మాట్లాడమన్నారు. ఎక్కడ వెతికినా ముఖ్యమంత్రి అయినా తల్లి గుడిసెలోనే ఉండేది, కట్టెల పొయ్యి మీద వండుకునేది అన్న కథే దొరుకుతోంది. పెద్దలు ఎవరైనా ఇంకేం చెప్పొచ్చో చెబుతారా?

జవాబు:

తమ్ముడూ, నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. కర్నూలు, ఆదోని, నంద్యాల చుట్టూనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇలాంటి సభల్లో చాలాసార్లు కూర్చున్నాను, కొన్నింట్లో మాట్లాడాను కూడా. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ గుడిసె కథ సంగతి. ఢిల్లీ నుంచి విచారణకు ఒక పెద్దమనిషి వచ్చాడని, పెద్దపాడులో ముఖ్యమంత్రి ఇల్లెక్కడని అడిగితే గుడిసె చూపించారని, పొయ్యి ఊదుతున్న ముసలమ్మే ఆయన తల్లి అని తెలిసి ఆ వచ్చినాయనకు నోట మాట రాలేదని చెబుతారు. వచ్చింది పార్టీ నాయకుడని కొందరు, విలేకరి అని కొందరు. ప్రతి మే నెలలో వాట్సాప్‌లో దానికి కొత్త డైలాగులు పుడుతుంటాయి. చెప్పొద్దని అనను. కాకపోతే 'జనం ఇలా చెప్పుకుంటారు' అని చెప్పి ఒక్క నిమిషంలో ముగించండి. నెహ్రూ నోట్లోనూ, ఆయన తల్లి సుంకులమ్మగారి నోట్లోనూ మీరు కొత్త మాటలు పెట్టకండి.

నా అభ్యంతరం కథ నిజమా కాదా అన్న దాని మీద కాదు. పేదరికం ఆయన పెట్టుకున్న నియమం కాదు, పుట్టుకతో వచ్చింది. మన జిల్లాలో పెద్ద పదవులు చేసిన మిగతావాళ్ల వర్ధంతి సభల్లో వాళ్లమ్మ ఏ పొయ్యి మీద వండిందో ఎవరైనా చెబుతున్నారా? చెప్పరు. రోడ్డు వేయించారని, కాలేజీ తెచ్చారని, ఫలానా చట్టం తెచ్చారని చెబుతారు. దళిత నాయకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని పక్కన పెట్టి పేదరికాన్ని పొగడుతాం. వేదిక మీదున్న పెద్దలకు అది సుఖంగా ఉంటుంది. గుడిసెను పొగిడితే ఎవరి జేబుకూ నష్టం లేదు మరి. ఆయన చేసిన పనుల గురించి మాట్లాడితే అక్కడే కూర్చున్న కొందరు కుర్చీలో కదలాల్సి వస్తుంది.

సంజీవయ్య తనంతట తాను ఎంచుకున్న దారి ఒకటుంది. అధికారం చేతికొచ్చిన ప్రతిసారీ, అంతవరకూ దయ మీద దొరికేదాన్ని కాగితం మీద హక్కుగా రాయించడం. మీ పావుగంటా దీని మీదే నిలబెట్టండి.

బాల్యం రెండు నిమిషాలు చాలు. 1921 ఫిబ్రవరి 14న పెద్దపాడులో పుట్టారు. తండ్రి మునయ్య, బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే పోయారు. సెంటు భూమి లేని ఇల్లు. కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో చదివి, అనంతపురం దత్తమండల కళాశాలలో బీఏ చేశారు. ఇప్పుడు మనం ఆర్ట్స్ కాలేజీ అంటున్నది అదే. మధ్యలో కర్నూలు రేషన్ ఆఫీసులో గుమాస్తాగిరీ, తర్వాత మద్రాసులో న్యాయవాద విద్య. రేషన్ ఆఫీసు ముక్క వదలకండి. యుద్ధకాలంలో రేషన్ ఆఫీసు కిటికీ లోపలివైపు కూర్చున్నవాడికి ఆకలి అంటే ఏమిటో, కాగితం అంటే ఏమిటో రెండూ తెలుస్తాయి. సరుకు గోదాములో ఉన్నా కార్డులో పేరు లేకపోతే మనిషి వెనక్కి పోవాల్సిందే. ఆ తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే ఆ కిటికీ ఆయన్ని వదల్లేదనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే అనుకోండి.

1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు, 1952లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ ఉన్నారు. ఇదంతా గబగబా దాటేయండి. జనానికి పదవుల జాబితా వింటే నిద్రొస్తుంది.

1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా ముప్పై తొమ్మిది నిండలేదు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఎలా అయ్యారో కూడా దాచకుండా చెప్పండి. మన పక్క జిల్లా నీలం సంజీవరెడ్డిగారు అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో కుర్చీ ఖాళీ అయింది. అప్పటి కాంగ్రెస్‌లో వర్గాలు అన్నీ ఇన్నీ కావు. ఈయనకు వెనక భూములు లేవు, కులబలం లేదు, జిల్లాకో మనిషి అంటూ కూడగట్టుకున్న ముఠా లేదు. ఎవరికీ అడ్డు కాడనుకునే చాలామంది ఒప్పుకున్నారని నా లెక్క. రెండేళ్ల రెండు నెలలు ఉన్నారు. 1962 మార్చి 12న సంజీవరెడ్డిగారు తిరిగొచ్చి ముఖ్యమంత్రి అయ్యారు, ఈయన ఆ కాంగ్రెస్ అధ్యక్ష స్థానానికి వెళ్లారు. ఆ పదవిలోనూ మొదటి దళితుడు ఈయనే.

ఆ రెండేళ్ల చిల్లరలో ఏం జరిగిందో చూడండి. 1960లో వృద్ధాప్య పింఛను మొదలైంది. అంతకుముందు పల్లెలో ముసలివాళ్లకు కొడుకు దిక్కు, కొడుకు లేకపోతే ఏ పెద్దింటి గడపో దిక్కు. ఆ గడప ముందు నిలబడే మనిషి పేరు మొదటిసారి ప్రభుత్వ రిజిస్టరులోకి ఎక్కింది. ఇప్పుడు ఒకటో తారీఖున ఇంటికొచ్చి 4,000 చేతిలో పెడుతున్నారు. ఏ పార్టీ ఎంత పెంచిందో మన జనానికి నోటికొచ్చు, అసలు మొదలుపెట్టింది మన పెద్దపాడు మనిషని మాత్రం తెలియదు. సభలో ముందు వరసలో కూర్చునే అవ్వలకు ఈ ముక్క చెప్పి చూడండి, మీ వైపు తిరిగి వింటారు.

1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఇవాళ టీవీలో 'ఏసీబీ వలలో' అని వస్తుందే, ఆ ఏసీబీయే. సంతకానికి ఇంత అని పుచ్చుకునే ఉద్యోగి ముందు, ఇన్నాళ్లూ దండం పెట్టుకుని పోయిన రైతుకు ఫిర్యాదు ఇచ్చుకునే ఒక చోటు ఏర్పడింది. అది ఎంత బాగా పనిచేస్తోంది అన్నది వేరే చర్చ, ఉద్యోగం చేసినవాడిని కాబట్టి నేను ఎక్కువ మాట్లాడను.

భూమి దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. ఆయన హయాంలో సుమారు 6 లక్షల ఎకరాల బంజరు పేదలకు పంచారని చెబుతారు. అది గొప్పే. కానీ 1961లో వచ్చిన భూపరిమితి చట్టాన్ని కూడా అదే గొంతుతో పొగడకండి. ఆ చట్టంలో పరిమితి నేలను బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉండేది. మన సీమ మెట్టనేల ఆ పై అంచు వైపే పడుతుంది. వందల ఎకరాలు ఉంచుకోనిచ్చే చట్టంలో మిగులు ఎక్కడినుంచి వస్తుంది? పేరుకు చట్టం వచ్చింది, పెద్ద కమతాలు చాలావరకు కదల్లేదు. అందుకే 1973లో మళ్లీ కొత్త చట్టం చెయ్యాల్సి వచ్చింది. శాసనసభ నిండా భూస్వాములున్న రోజుల్లో ముఠా లేని ముఖ్యమంత్రి అంతకంటే ఏం చేయగలిగేవాడు అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. అయినా ఆయన గెలిచిన చోట్లనే కాక ఆగిపోయిన చోటును కూడా చెబితే వినేవాళ్లకు మీ మీద నమ్మకం కలుగుతుంది. దేవుణ్ని చేసి చెబితే దండ వేసి ఇంటికి పోతారు.

ఇక నాకు బాగా తెలిసిన చోటుకు వస్తాను. మీ పావుగంటలో సగం దీనికి పెట్టమని నా మనవి.

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని అయ్యారు. సంజీవయ్యకు కార్మిక, ఉపాధి శాఖ ఇచ్చారు. ముఖ్యమంత్రి చేసినవాడు, పార్టీ మొత్తానికి అధ్యక్షత వహించినవాడు. ఢిల్లీ లెక్కల్లో కార్మిక శాఖ హోం, ఆర్థికం లాంటి శాఖల వరసలో కూర్చోదు. అయినా తీసుకుని, అందులోనే కుదురుకుని పనిచేశారు. నిగర్వి అంటే ఇది కదా తమ్ముడూ. ఎంత పెద్ద కుర్చీ దిగి వచ్చానన్నది పక్కన పెట్టి, ఈ బల్ల మీదున్న ఫైలు ఏమిటని చూడటం.

ఆ బల్ల మీద బోనస్ ఫైలు ఉంది. అప్పటిదాకా బోనస్ అంటే పండక్కి యజమాని ఇష్టపడి ఇచ్చేది, లేదా సంఘం కొట్లాడి ట్రిబ్యునల్ దాకా పోయి తెచ్చుకునేది. 1950లో బొంబాయి బట్టల మిల్లుల తగాదాలో కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఒక సూత్రం చెప్పింది. లాభంలోంచి ఇవీ ఇవీ తీసేయగా ఏమన్నా మిగిలితే అందులో కార్మికుడికి వాటా. మిగలకపోతే లేదు. బొంబాయి మిల్లు కార్మికుడికి లాయరున్నాడు, సంఘముంది, లెక్కల పుస్తకం తెరిపించే శక్తి ఉంది. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో, వేరుశనగ నూనె మిల్లులో సీజనుకు వచ్చిపోయే ఆడకూలీకి ఏముంది? ఆమెకు మిగులు అంటే ఏమిటో తెలియదు, 'ఈ ఏడు నష్టమమ్మా' అని సేటు అంటే తలూపి పోవాల్సిందే.

1961 చివర్లో వేసిన బోనస్ కమిషన్ 1964 మొదట్లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని కొన్ని మార్పులతో ఒప్పుకుంటే, ఆ మార్పులు యజమానుల వైపు మొగ్గాయని సంఘాలు మండిపడ్డాయి. మంత్రి అటూ ఇటూ మాటలు పడ్డారు. చివరికి 1965 మే 29న ఆర్డినెన్సు, ఆ సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిన రెండు రోజులకు, 25న, బోనస్ చెల్లింపు చట్టంగా రాష్ట్రపతి ఆమోదం. ఆ నెలలో దేశమంతా యుద్ధం కబుర్లలో మునిగి ఉంది, ఈ చట్టం గురించి తలెత్తి చూసినవాళ్లు తక్కువ.

చట్టంలో నాకు ప్రాణమైనది పదో సెక్షన్. లాభం ఉన్నా లేకపోయినా ఏడాది జీతంలో కనీసం 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాల్సిందే. 'నష్టమమ్మా' అన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది. తర్వాతి రోజుల్లో ఆ కనీసం 8.33 శాతానికి పెరిగింది, అంటే ఏడాదికి పన్నెండో వంతు, సుమారు ఒక నెల జీతం. ఇంకొకటి ఎనిమిదో సెక్షన్. ఏడాదిలో 30 పనిదినాలు చేస్తే చాలు, అర్హత వచ్చినట్టే. సీజను కూలీని బయట పెట్టకుండా కాపాడింది ఆ ముప్పై అన్న అంకే. ఆదోని లాంటి ఊరికి ఆ అంకె ఎంత ముఖ్యమో అక్కడ పనిచేసినవాళ్లకు తెలుస్తుంది.

దీని మీద యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1966లో కోర్టు కొన్ని సెక్షన్లు కొట్టేసింది గానీ కనీస బోనస్ సెక్షన్‌ను నిలబెట్టింది. 2025 నవంబరులో ఈ చట్టం పోయి, బోనస్ సంగతి వేతనాల కోడ్‌లో కలిసింది.

అంతా సాఫీగా అమలైందని చెప్పడం లేదు. ఆ చట్టం ఉన్న రోజుల్లో, కరెంటుతో నడిచే మిల్లులో పదిమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ కింద లెక్క, మిగతా సంస్థలైతే ఇరవైమంది ఉండాల్సి వచ్చేది. అందుకని మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, తొమ్మిది పేర్లు, పందొమ్మిది పేర్లు ఉండే చోట్లు బోలెడు. తనిఖీకి పోతే మిగతావాళ్లు 'ఈరోజే వచ్చినారు సార్', 'మా చుట్టాలు సార్'. కూలీలు కూడా మన ముఖం చూడరు, రేపు పని ఉండదని భయం. కానీ చట్టం అంటూ ఉంది కాబట్టే యజమాని దాన్ని తప్పించుకునే ఉపాయం వెతుక్కున్నాడు. చట్టం లేని రోజుల్లో ఆ ఉపాయం అవసరమే లేదు కదా. పట్టుబట్టి అడిగిన కూలీకి, అడిగే ఉద్యోగికి చేతిలో ఒక పట్టు దొరికింది. అది ఇచ్చిన మనిషి మన ఊరి పక్కనే పుట్టాడని చెప్పుకోవడంలో నాకు ఒక గీర ఉంది, ఒప్పుకుంటా.

1965 డిసెంబరులో ఆ శాఖే పారిశ్రామిక భద్రత మీద దేశస్థాయి సదస్సు పెట్టింది. మరుసటి ఏడు మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడటానికి అది దారి వేసింది. ఇప్పటికీ ఫ్యాక్టరీలలో మార్చి 4న భద్రతా దినం చేసేది అందుకే. అప్పటికి ఈయన శాఖ మారింది. శాస్త్రిగారు తాష్కెంటులో పోయాక, ఇందిరాగాంధీ ఈయనకు పరిశ్రమల శాఖ ఇచ్చారు. 1970లో కార్మిక సమస్యలు, పారిశ్రామికాభివృద్ధి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు. శాఖ మారిన తర్వాత కూడా ఆ విషయాన్ని వదల్లేదు, అది గమనించండి.

చివరి రోజుల్లో మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుడు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో పోయారు. యాభై ఒక్కేళ్లు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున అంత్యక్రియలు చేసిన చోటు పక్కనే సంజీవయ్య పార్కు వచ్చింది. హైదరాబాదులో ఉండే మన పిల్లలు అక్కడికి 291 అడుగుల జెండా చూడటానికి, గులాబీలతో ఫొటోలు దిగడానికి పోతారు. సంజీవయ్య ఎవరని అడిగితే పార్కు పేరంటారు. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? హంద్రీ మీద గాజులదిన్నెకు ఆయన పేరే పెట్టి ఎన్నేళ్లయింది, ఇప్పటికీ గాజులదిన్నె డ్యాం అంటారే గానీ సంజీవయ్య సాగర్ అనరు. విశాఖలో న్యాయ విశ్వవిద్యాలయానికి, కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రానికి కూడా ఆయన పేరుంది. 2008 ఫిబ్రవరి 14న తపాలా బిళ్ల వచ్చింది. పేర్లకు కొదవ లేదు. అందుకే మరో దానికి పేరు పెట్టాలన్న తీర్మానంతో మీ సభ ముగించొద్దని నా సలహా.

సభ నడిపే సంగతి నాలుగు మాటలు. మే మొదటివారంలో కర్నూలు ఎండ మీకు చెప్పక్కర్లేదు, సాయంత్రం ఆరున్నర తర్వాత పెట్టండి, మజ్జిగ కుండలు సిద్ధం చేసుకోండి. బడులకు సెలవులు కాబట్టి పిల్లలు రారు. పిల్లలే ముఖ్యమనుకుంటే ఫిబ్రవరి 14 జయంతిని బడిలో వేరుగా చేయండి. వేదిక మీద పన్నెండుమందిని కూర్చోబెడితే సన్మానాలకే ఎనిమిదవుతుంది, మీ పావుగంట అయిదు నిమిషాలవుతుంది. అధ్యక్షుడు, ఇద్దరు వక్తలు చాలు. ఒక కుర్చీ పింఛను తీసుకునే అవ్వకు, ఒకటి హమాలీ సంఘం మనిషికో మిల్లు కూలీకో ఇవ్వండి. ఆ 1965 చట్టంలోని పదో సెక్షన్ తెలుగులో చదివి వినిపించండి, రెండు నిమిషాల పని. ఆ ఊళ్లో బోనస్ అందనివాళ్లు ఎవరైనా ఉంటే అక్కడే తెలుస్తుంది. అలా ఎవరైనా లేస్తే వాళ్ల పేరు, ఎన్ని రోజులు పనిచేశారు, కూలి ఎంత అన్నది ఒక కాగితం మీద రాసిపెట్టుకుని ఇక్కడ నాకు పెట్టండి, అర్జీ ఎలా రాయాలో నేను చెబుతాను.

ఇంకో పని కూడా ఉంది, ఇది సభకు ముందే చేయాలి. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్ననాటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు డెబ్బై అయిదు దగ్గర పడింది. పెద్దపాడులో, చుట్టుపక్కల ఊళ్లలో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను పంపి ఫోనులో రికార్డు చేయించండి. 'ఆయన మంచోడేనా' అని అడగకండి, మంచోడే అంటారు, అక్కడితో అయిపోతుంది. ఊరికి వస్తే ఎవరింట్లో కూర్చునేవారు, ఏ బాధ చెప్పుకోవడానికి పోయినారు, ఆ పని అయిందా కాలేదా అని అడగండి. కాకపోతే కాలేదనే చెప్పనివ్వండి, మధ్యలో అడ్డం పడొద్దు. రికార్డుకు ముందు పేరు, ఊరు, వయసు, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించండి. లేకపోతే పదేళ్ల తర్వాత ఆ గొంతు ఎవరిదో మీకే గుర్తుండదు.